నా పేరుతో వెళ్లిన జవాబు

పోయిన వారం పూజితను మనం అమెరికాలో, న్యూజెర్సీలోని పిస్కాటవే గెస్ట్‌హౌస్‌లో, అంకిత ల్యాప్‌టాప్ ముందు, నోట మాట రాని స్థితిలో వదిలేశాం. గెస్ట్‌హౌస్ అనేది మర్యాదకు పెట్టిన పేరు. ఉద్యోగాలు వెతికిపెట్టే ఛాయాదేవి ఆంటీ కన్సల్టెన్సీ వాళ్లు ఆడపిల్లలను ఉంచే ఇరుకు అపార్ట్‌మెంట్ అది. పూజిత ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నది ఎవరి గుట్టో లాగుదామని కాదు. ఫోన్‌లో చోటు నిండిపోయింది. మెసేజ్‌లన్నీ కంప్యూటర్‌లోకి దించుకుని ఫోన్ తేలిక చేసుకుందామనుకుంది. తన ల్యాప్‌టాప్ రిపేర్‌లో ఉంది కాబట్టి రూమ్మేట్ అంకితది అడిగి తీసుకుంది. తెర మీది కోడ్‌ని ఫోన్‌తో స్కాన్ చేసి మెసేజ్‌లు తెరిచింది. పక్కనే తన పాత బ్యాకప్ కూడా తెరిచి, రెంటినీ సరిచూసుకోబోయింది. ఒకసారి ఫోన్ వంటింటి సింక్‌లో మునిగి చచ్చిన దగ్గర్నుంచి, గంటగంటకీ మెసేజ్‌లకు కాపీ తీసి దాచే ఆప్ ఒకటి ఆమె వాడుతోంది.

రెండూ ఒకేలా ఉండాలి. లేవు. ఫోన్‌లో లేని మెసేజ్‌లు కొన్ని బ్యాకప్‌లో ఉన్నాయి.

అవి హాస్పిటల్ నుంచి డెనీస్ అనే మేనేజర్ పంపినవి. ఇంటర్వ్యూ చాలా నచ్చింది, ఉద్యోగం నీకే ఇద్దామనుకుంటున్నాం, ఈ రోజు ఫోన్ చేయగలవా అని అడిగింది. దానికి పూజిత నంబర్ నుంచే జవాబు వెళ్లింది: థాంక్యూ, నాకు వేరేచోట ఉద్యోగం వచ్చింది, ఇక ఆసక్తి లేదు. డెనీస్ పెద్దమనసుతో అభినందనలు కూడా చెప్పింది. పూజితకు ఎక్కడా ఉద్యోగం రాలేదు. ఆ జవాబు ఆమె రాయలేదు. హాస్పిటల్ వాళ్లు తనను వద్దనుకున్నారని ఇన్నాళ్లూ దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడు ఏడవడం లేదు. దగ్గర్లోని ఐసెలిన్ ఊళ్లో, ఓక్ ట్రీ రోడ్డు మీద, నగల దుకాణం పైనున్న ఆంటీ ఆఫీసు తలుపు తోసుకుని లోపలికి వస్తోంది.

బయల్దేరేటప్పుడు అంకిత ఆపబోయింది. రెండు భుజాలూ పట్టుకుని, "వద్దు పూజీ. ఆంటీతో పెట్టుకుంటే మనకి ఇక్కడ ఎవరున్నారు? లీవ్ ఇట్" అంది. పూజిత వినలేదు. ల్యాప్‌టాప్‌ను ఎలా ఉందో అలాగే డైనింగ్ టేబుల్ మీద వదిలేసి బయటపడింది. దారిలో డెనీస్‌కి ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానన్న రికార్డు మాట వినిపించింది. అందుకని మెసేజ్ పెట్టింది. ఆ జవాబు నాది కాదు, నా మెసేజ్‌లు ఇంకెవరో చూస్తున్నారు, ఆ ఉద్యోగం నాకు కావాలి, ఇంకా ఖాళీగా ఉందా? చదువు అయిపోయాక ఉద్యోగం లేకుండా ఈ దేశంలో ఉండనిచ్చే గడువు ఆమెకు ఈ నెలాఖరుతో తీరిపోతుంది. ఆ తర్వాత పెట్టె సర్దుకోవడమే.

ఆఫీసు ముందుగదిలో ఎప్పటిలాగే అగరొత్తుల వాసన. లోపలిగది తలుపు వేసి ఉంది. దాని వెనక ప్రాక్టీస్ ఇంటర్వ్యూల క్లాసు నడుస్తోంది. తలుపు పక్కన స్టూలు మీద పెద్ద స్టీలు బేసిన్, దాన్నిండా ఫోన్‌లు. క్లాసులోకి వెళ్లేవాళ్లు ఫోన్ ఆ బేసిన్‌లో వేసి వెళ్లాలన్నది ఆంటీ పెట్టిన రూలు. ధ్యాస చెదరకూడదట. పూజిత చూస్తుండగానే అందులో ఒక ఫోన్ గర్రున మోగి, స్టీలు మీద కాస్త జరిగి ఆగింది. ఎవరికి ఏ కబురు వచ్చిందో పాపం, వాళ్లు గోడ అవతల తమ బలాబలాల గురించి ఇంగ్లీషులో అప్పజెబుతున్నారు.

ఆ ఫోన్ యజమాని కంటే ముందు ఆ కబురు చూసే మనిషి జగదీష్. ఆంటీ దగ్గర మార్కెటింగ్ చూసేది అతనే. అతని కంప్యూటర్ తెర మీద ఒకదాని వెనక ఒకటిగా కిటికీలు తెరిచి ఉన్నాయి. ఒకదాని మీద రిషిత అని ఉంది, ఇంకోదాని మీద శ్రేయాస్, మరోదాని మీద నీల్. ఒక్కో కిటికీలో ఒక్కో మనిషి మెసేజ్‌లు. వచ్చిన మొదటి రోజునే అందరి ఫోన్‌లూ ఇలా కలిపేస్తారు. రిక్రూటర్‌ల మెసేజ్‌కి వెంటనే జవాబు ఇవ్వకపోతే చాన్స్ పోతుంది, మీరు క్లాసులో ఉన్నప్పుడు మేం చూసుకుంటాం అంటారు. అడిగేది ఊరు కాని ఊళ్లో అన్నం పెట్టిన ఆంటీ ఆఫీసు వాళ్లు. అందుకని గుడి బయట చెప్పులు విడిచినంత తేలిగ్గా అందరూ ఫోన్ ఇచ్చేశారు. పూజితా ఇచ్చింది. జవాబు పంపగలిగినవాడు వచ్చినదాన్ని చెరిపేయనూ గలడని ఇంజనీరింగ్ చదివిన ఇంతమందిలో ఒక్కరికీ తోచలేదు చూడండి.

"జగదీష్ అన్నా," అంది పూజిత, "డెనీస్‌కి నా పేరుతో రిప్లై ఎవరిచ్చారు?"

జగదీష్ టీ కప్పు మీంచి తలెత్తాడు. "ఏ డెనీస్? దినాం మస్తుమంది రిక్రూటర్లు మెసేజ్ చేస్తరు. అందరి పేర్లు యాదికుంటయా?"

"రిక్రూటర్ కాదు. హాస్పిటల్ మేనేజర్. మీకు గుర్తులేకపోతే నేను చూపిస్తాను." ల్యాప్‌టాప్ తెరను ఫోటో తీసుకుని వచ్చింది. అది అతని మొహం ముందు పెట్టింది.

జగదీష్ చదివాడు. చదువుతుంటే అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఇది ఎక్కడిది? గవి డిలీట్ చేసిన..." అని నాలుక కరుచుకున్నాడు.

"పూర్తి చేయండి అన్నా. డిలీట్ చేసినవి ఎలా వచ్చాయనేగా అడగబోయారు? మీరు చెరిపింది ఫోన్‌లోంచి. నా బ్యాకప్ వేరే చోట ఉంటుంది. అందులోంచి చెరపడం మీ వల్ల కాదు."

ఈ గొంతు లోపలికి వినబడినట్టుంది. పక్కనున్న తన గాజుగదిలోంచి ఛాయాదేవి ఆంటీ వచ్చింది. నేత చీర, మెడలో కళ్లజోడు గొలుసు, మొహాన ఎప్పుడూ ఉండే నవ్వు. జెర్సీలో తెలుగువాళ్ల సీమంతమైనా గృహప్రవేశమైనా ఆమె పులిహోర లేకుండా జరగదు. గెస్ట్‌హౌస్ పిల్లలకు జ్వరమొస్తే మిరియాల చారు కాచి స్వయంగా తెచ్చిపెట్టే మనిషి. పూజిత తల్లి కూడా వీడియో కాల్‌లో ఆమెకు చేతులెత్తి దణ్ణం పెట్టింది, మా పిల్లకు అక్కడ మీరే అమ్మ అని.

"ఏంటి తల్లీ, మొహం అంతా పీక్కుపోయింది. తిన్నావా? క్యారేజీలో పులిహోర ఉంది, ముందు నాలుగు ముద్దలు తిను. తర్వాత మాట్లాడుకుందాం."

"నాకు పులిహోర వద్దు ఆంటీ. ఇది చూడండి."

ఆంటీ కళ్లజోడు పెట్టుకుని తాపీగా చదివింది. నవ్వు ఎక్కడా చెక్కుచెదరలేదు. "ఇది నీ నంబర్ నుంచే వెళ్లిందిగా అమ్మా. టెన్షన్‌లో నువ్వే పెట్టి మర్చిపోయావేమో."

ఆ మాటతో పూజితకు అరికాలి మంట నెత్తికెక్కింది. మోసం చేయడం ఒక ఎత్తు. మోసపోయిన మనిషికి మతిమరుపు అంటగట్టడం ఇంకో ఎత్తు.

"ఆ టైమ్‌లో నేను మీ క్లాసులో ఉన్నాను ఆంటీ. నా ఫోన్ ఆ బేసిన్‌లో ఉంది. ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడిగింది మీరే. నీ బలహీనత ఏంటని అడిగితే నేను మనుషుల్ని త్వరగా నమ్ముతానని చెప్పాను. అది బలహీనతలా కాకుండా మంచి గుణంలా చెప్పాలని మీరే దిద్దారు."

ఆంటీ కళ్లజోడు తీసింది. నవ్వు అప్పటికి తగ్గింది కానీ గొంతు ఇంకా మెత్తగానే ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుని, ఎదురు కుర్చీ చూపించింది. పూజిత కూర్చోలేదు.

"సరే, మేమే పెట్టాం అనుకో. ఎందుకు పెట్టామో ఆలోచించావా? అమెరికన్ కంపెనీలకి మన వీసా గొడవలు ఏం తెలుస్తాయి? ఇవాళ రమ్మంటారు, రేపు హెచ్-1బి వీసా ఫైల్ చేయమంటే సారీ అంటారు. అప్పుడు ఏడ్చుకుంటూ వచ్చేది నా దగ్గరికేగా. ఎంతమందిని చూశాను. మేం ఫైల్ చేస్తాం, వీసా లాటరీలో పేరు వస్తే లైఫ్ సెట్. నీ మంచికే చేశాను నాన్నా."

"వాళ్లది టీచింగ్ హాస్పిటల్ ఆంటీ. యూనివర్సిటీది. వాళ్లకి లాటరీయే లేదు. ఎప్పుడైనా ఫైల్ చేయొచ్చు, చేస్తే అదృష్టంతో పన్లేదు."

లోపలిగదిలో ఎవరో పిల్లాడు తనకు టీమ్‌వర్క్ అంటే ఎంత ఇష్టమో చెబుతున్నాడు.

"ఈ సంగతి మీకు తెలియదా?" అంది పూజిత. "వీసాల బిజినెస్‌లో ఇన్నేళ్లుగా ఉన్నారు. పొద్దున లేస్తే అదే మాట్లాడతారు. మీకు తెలియదంటే ఎవరూ నమ్మరు. తెలుసు కాబట్టే రిప్లై ఇచ్చారు. లాటరీ ఉంటే నేను ఏడాదికేడాది మీ చుట్టూ తిరుగుతాను, మీ కమిషన్ మీకొస్తుంది. అక్కడికి వెళ్తే తిరగను."

"మాటలు జాగ్రత్త పూజితా." తల్లీ, నాన్నా పోయి పూజిత అయింది. "నీ రెజ్యూమె మీద ఏమేం ఎక్స్‌పీరియెన్స్ రాసి ఉందో గుర్తుందా? నేను నోరు విప్పితే ఆ హాస్పిటల్ కాదు, ఏ హాస్పిటల్ నిన్ను గుమ్మం ఎక్కనివ్వదు."

"అది మీరు రాసిన రెజ్యూమె. హాస్పిటల్‌కి పంపింది నేను రాసుకున్నది. అందులో ఒక్క అబద్ధం లేదు. ఎమర్జెన్సీ వార్డులో పేషెంట్లు ఎక్కడ ఎక్కువసేపు ఆగిపోతున్నారో నేను చేసిన ప్రాజెక్టు ఉంది. దాని గురించే డెనీస్ అంతసేపు మాట్లాడింది. నా అంతట నేను వెతుక్కున్నాను, నా అంతట నేను ఇంటర్వ్యూ ఇచ్చాను, సెలెక్ట్ అయ్యాను. ఈ దేశం వచ్చాక ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నాకు దొరికింది అదొక్కటే ఆంటీ. దాన్ని కూడా మీరు నా చేత్తోనే పారేయించారు."

ఇక్కడికి వచ్చేసరికి ఏడుస్తానేమోనని పూజితకే భయం వేసి, పళ్లు బిగబట్టింది. ఈ మనిషి ముందు ఏడిస్తే మళ్లీ పులిహోర క్యారేజీ దగ్గరికే వస్తుంది కథ.

జగదీష్‌కు ఎక్కడో మనసు పీకినట్టుంది. చేతిలో టీ చల్లారిపోతున్నా తాగడం లేదు. సర్దిచెబుదామనుకున్నాడో ఏమో, నోరు జారాడు.

"నువ్వు గట్ల ఫీల్ కాకు. గా పొజిషన్ ఏం వేస్ట్ గాలే. నీ నంబర్ నుంచే అడిగినం, వేరే ఎవరన్న ఉంటె పంపుమన్నరు. మన క్యాండిడేట్‌నే సబ్మిట్ చేసినం. సెకండ్ రౌండ్ కూడ అయింది."

"జగదీష్, నువ్వుండు," అంది ఆంటీ. ఈ సారి గొంతులో మెత్తదనం మచ్చుకైనా లేదు.

పూజిత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నేను వద్దన్నట్టు నా పేరుతో రాసి, నా పేరుతోనే ఇంకొకరిని పంపమంటారా అని అడిగి, నా కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టబోయారన్నమాట. డెనీస్ దృష్టిలో పూజిత ఎంత మంచి పిల్లో. తనకు అక్కర్లేని ఉద్యోగాన్ని తెలిసినవాళ్లకు ఇప్పిస్తోంది.

"ఎవరు?" అంది.

ఆంటీ జగదీష్ వైపు ఉరిమి చూసింది.

"ఎవరిని పంపారు అన్నా?"

జగదీష్ టీ కప్పులోకి చూశాడు. ఆంటీ కొంగు సర్దుకుంటూ లేచింది. "అది కాన్ఫిడెన్షియల్. ఇంక వెళ్లి రెస్ట్ తీసుకో. రేపు మనసు కుదుటపడ్డాక..."

"రేపటిదాకా ఎందుకు? నా ఫోన్‌ని మీ కంప్యూటర్‌లోంచి ఇప్పుడే తీసేస్తాను. లోపల ఉన్నవాళ్లు బయటికొచ్చాక వాళ్లకీ చెప్తాను, తీసేసుకోమని." పూజిత బేసిన్ పక్కకు వెళ్లి నిలబడింది. అక్కణ్నుంచి కదిలే ఉద్దేశం లేనట్టే నిలబడింది. ఫోన్ తెరిచి, మెసేజ్‌లు కంప్యూటర్‌కి కలిపే పేజీ కోసం వెతకసాగింది.

సరిగ్గా అప్పుడే ఫోన్‌లో మెసేజ్ వచ్చిన చప్పుడైంది. డెనీస్.

మీటింగ్ ఇప్పుడే అయిందట. నీ మెసేజ్ చదివి ఆశ్చర్యపోయాను, నీకు ఇలా జరిగినందుకు బాధగా ఉంది అని రాసింది. ఇంకో అభ్యర్థి పేరు ఈ సాయంత్రం పైకి పంపాలి, ఇంకా పంపలేదు అని రాసింది. చివర ఒక్క వాక్యం: నాకు మొదటి నుంచీ కావాల్సింది నువ్వే, ఇప్పటికీ కావాలనుకుంటే ఒక్క మాట 'అవును' అని పెట్టు, ఆ పేరు ఆపేస్తాను.

అవును. అంతే. ఒక్క మాట. పూజిత కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత సేపటి నుంచో ఆపుకున్నవి, ఇవి మాత్రం కోపంవి కావు. బొటనవేలు అక్షరాల మీదికి వెళ్లింది.

ఆమె ఇంకా మొదటి అక్షరం నొక్కలేదు. తెర మీద, తన వైపు నుంచి, తన పేరుతో ఒక మెసేజ్ ప్రత్యక్షమైంది.

'సారీ డెనీస్, పొద్దున ఏదో ఎమోషనల్‌గా రాశాను. దయచేసి పట్టించుకోవద్దు. నాకు నిజంగానే ఆసక్తి లేదు. ఆ రెండో అభ్యర్థినే తీసుకోండి, తను చాలా మంచిది.'

పూజిత తటాలున తలెత్తింది. జగదీష్ రెండు చేతులూ టీ కప్పు చుట్టూ ఉన్నాయి. కీబోర్డు అతనికి మూరెడు దూరంలో ఉంది. ఆంటీ చేతిలో కొంగు తప్ప ఏమీ లేదు. అంతకన్నా విచిత్రం, ఆంటీ మొహంలో కంగారు కనిపిస్తోంది.

"ఏమైందమ్మా?" అంది.

"మళ్లీ పంపారు. ఇప్పుడే. నా కళ్ల ముందే."

"నేనేం ముట్టలే," అన్నాడు జగదీష్. కప్పు కింద పెట్టి రెండు చేతులూ పైకెత్తాడు. "ఒట్టు. నీ కిటికీ నేను పొద్దుగాల సంది తెరవనే లేదు. చూస్కో కావాలంటే."

అతను చెప్పింది నిజమే. పూజిత ఆ పేజీ తెరిచింది. తన మెసేజ్‌లకు ఏయే కంప్యూటర్‌లు కలిసి ఉన్నాయో ఫోన్ చూపిస్తుంది. ఒకటే ఉంటుందనుకుంది. రెండున్నాయి. మొదటిది విండోస్ కంప్యూటర్, జగదీష్‌ది, నిన్న సాయంత్రం నుంచి వాడలేదు. రెండోది మ్యాక్. దాని కింద చిన్న అక్షరాల్లో, ఇప్పుడు వాడుకలో ఉంది, అని ఉంది.

ఈ ఆఫీసులో మ్యాక్ లేదు. గెస్ట్‌హౌస్‌లో ఒక్కటే ఉంది. పొద్దున తనే దాని తెర మీది కోడ్‌ని స్కాన్ చేసింది. ఈ కంప్యూటర్‌ని గుర్తుపెట్టుకోవాలా అని అడిగితే సరే అని నొక్కింది. డైనింగ్ టేబుల్ మీద తెరిచిపెట్టి వచ్చింది.

తను భోరున ఏడుస్తుంటే మంచినీళ్లిచ్చి వీపు నిమిరిన చెయ్యి గుర్తొచ్చింది. వద్దు పూజీ, లీవ్ ఇట్, అన్న గొంతు గుర్తొచ్చింది. పోయిన వారం ఎక్కడికో వెళ్లాలని తన నీలం బ్లేజర్ అడిగి వేసుకెళ్లిన మనిషి, ఎక్కడికని అడిగితే ఊరికే అని నవ్విన మనిషి.

"రెండో క్యాండిడేట్ అంకితా?" అంది.

జగదీష్ తల దించుకున్నాడు. ఆంటీ కిటికీ వైపు తిరిగింది.

ఇక వాళ్లతో పనిలేదు. పూజిత డెనీస్ నంబర్ నొక్కి ఫోన్ చెవిన పెట్టుకుంది. రింగ్ అవుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు. ఒకే నంబర్ నుంచి పొద్దున కావాలని, మధ్యాహ్నం వద్దని చెప్పిన పిల్ల ఫోన్ ఎవరు మాత్రం ఎత్తుతారు? ఇప్పుడు మళ్లీ కావాలని రాస్తే, ఏది పూజిత రాసిందో ఏది కాదో ఆవిడకు ఎలా తెలుస్తుంది?

రింగ్ ఆగిపోయింది. ఫోన్ చెవి మీంచి దించేసరికి తెర మీద కొత్త మెసేజ్ ఉంది. డెనీస్ నుంచి కాదు.

'పూజీ, ఆంటీ ఏమన్నారు? ఎక్కువ ఆర్గ్యూ చేయకుండా ఇంటికి వచ్చెయ్. నీకిష్టమని పప్పుచారు పెడుతున్నా. నీ మంచికే చెప్తున్నా.'